జయక్క ఇంట్లో మధ్యాహ్నాలు

ఇస్త్రీ పెట్టె బాగా వేడెక్కాక టీషర్టును తిరగేసి, అచ్చు పడిన చోట వెనకవైపు నుంచి ఆనించి పెడితే ఒక వాసన వస్తుంది. మాడబోయి ఆగిన నూలు వాసన, అందులో కలిసిన రంగు ఘాటు. మా ఇంట్లో ఆ వాసన రాని రోజు ఉండదు. వసారాలో బల్ల మీద షర్టులకు అచ్చు వేసి, పెరట్లో ఆరబెట్టి, ఒక్కొక్కదానికీ ఇలా వేడి పట్టించి మడత పెట్టడమే నా బతుకుతెరువు. ఇన్నేళ్లుగా చేస్తున్న పని, ముక్కుకు అలవాటైపోవాలి. నాకు కాలేదు. అది తగిలిన ప్రతిసారీ జయక్క గుర్తుకు వస్తుంది. ఆమెను చూడనివాళ్లకు ఆమె సంగతి చెప్పాలంటే మంచిదని మొదలుపెట్టాలో చెడ్డదని మొదలుపెట్టాలో ఇప్పటికీ తేలలేదు. నా చేతుల్లో ఉన్న పనంతా ఆమె పెట్టిందే. నా మనసులో ఉన్న ముల్లు కూడా ఆమె గుచ్చిందే.

నేను పుట్టింది సిరుగుప్ప తాలూకాలోని దేశనూరులో. కాలువ నీళ్లు, వరి పొలాలు, కాళ్లకు ఎప్పుడూ బురద. పెళ్లయి సండూరు వైపు తారానగర్‌కు వచ్చాక తెలిసింది, దుమ్ముకు కూడా ఇంత రంగు ఉంటుందని. మా ఆయన గనుల నుంచి ఖనిజం మోసే లారీకి డ్రైవరు. మా పాప చైత్ర ఇంకా దోగాడుతున్న రోజుల్లో గనుల పని ఆగిపోయింది, లారీలు రోడ్డు పక్కన వరసగా నిలబడిపోయాయి, మా ఆయనా పని లేక పొద్దంతా వాటి దగ్గరే కూర్చునేవాడు. మా అత్త సూటి మనిషి, ఏదీ నాన్చదు. "బళ్లారిలో జీన్స్ కుట్టే యూనిట్లకు ఆడోళ్లు కావాలంట. పొద్దున బస్సెక్కితే రాత్రికొస్తావు. పిల్లను నేను సూసుకుంటాలే" అంది. పిల్లను చూసుకోవడమంటే తాడుతో మంచం కోడుకు కట్టేసి తాను పొలం పనికి పోవడమని నాకు తెలుసు. మా ఆడపడుచు బిడ్డను అలాగే పెంచింది. నాకు ఇంట్లోనే ఉండి చేసుకునే పని ఏదైనా దొరకాలి, అది కూడా తొందరగా దొరకాలి. లేకపోతే బిడ్డను తాడుకు వదిలేసి బస్సెక్కాల్సిందే.

అప్పుడు జయక్క దగ్గరికి వెళ్లాను. మా వెనక వీధిలో ఒక్కతే ఉండేది. ఆమె భర్త ఎప్పుడో హొసపేటలో వేరే సంసారం పెట్టుకున్నాడు. వయసులో ఉండగా బళ్లారిలో ఎవరిదో ప్రింటింగ్ షెడ్డులో పనిచేసి వచ్చిందట. ఊళ్లో కబడ్డీ టీముల షర్టులకు, జాతరకు నడిచిపోయే కుర్రాళ్ల బనీన్లకు, బడి పిల్లల ఆటల పోటీల టోపీలకు ఆమే అచ్చు వేసేది. నేను వెళ్లేసరికి గడపలో కూర్చొని పాత పళ్ల బ్రష్షుతో ఫ్రేము తోముతోంది. చంకలో పిల్లతో నిలబడి సంగతి చెప్పాను. ఆమె తలెత్తకుండా అంతా విని, "సెయ్యి సూపించు" అంది. చూపించాను. మణికట్టు పట్టుకొని అటూ ఇటూ తిప్పి, గాజులు కదిపి, "వీటిని తీసేసి రేపు పొద్దున బేగ రా. పిల్లను గూడా తెచ్చుకో, ఈడనే ఆడుకుంటాది" అంది. ఆ రోజు ఇంటికి వస్తూ దారిలో ఏడ్చాను. సంతోషానికే ఏడ్చాను.

ఇంట్లో అచ్చు పని మొదలుపెట్టాలనుకునేవాళ్లు సామాను గురించి ముందు అడుగుతారు. సామానుదేముంది, చెక్క చట్రం, దానికి బిగించిన సన్నని వల గుడ్డ, రంగు లాగే రబ్బరు అంచు పలక, నాలుగు డబ్బాలు. జయక్క నాకు ముందు నేర్పింది సామాను కాదు, ఎండ. ఆ వల గుడ్డకు మందు పూసి చీకట్లో ఆరబెట్టి, దాని మీద నల్లటి బొమ్మ ఉన్న ఫిలిం పెట్టి, పైన అద్దం పెట్టి ఎండలోకి తేవాలి. వెలుగు పడిన చోట మందు గట్టిపడుతుంది. బొమ్మ నీడలో ఉన్నది మెత్తగా ఉండిపోయి, నీళ్లు పోస్తే కొట్టుకుపోతుంది. ఆ ఖాళీలోంచే రంగు దిగుతుంది. ఎంతసేపు ఎండలో పెట్టాలన్నదే కిటుకు. ఆమె గడియారం చూసేది కాదు. ఎండాకాలం అయితే వక్క పలుకు నోట్లో వేసుకొని, కొరక్కుండా బుగ్గన పెట్టుకునేది. అది నాని, పంటికి మెత్తగా తగలగానే అద్దం తీసేసేది. మబ్బు పట్టిన రోజు పెద్ద వక్క. "గడియారానికి మబ్బు తెలుస్తాదా?" అనేది. నేను ఇప్పటికీ వక్కతోనే చూసుకుంటాను, కానీ ఎవరైనా చూస్తుంటే కొంచెం సిగ్గుపడతాను.

రంగు లాగడం దగ్గర మాత్రం నన్ను ఏడిపించింది. నేను పలకను నా నుంచి అవతలికి తోసేదాన్ని. చపాతీ కర్ర అలవాటు. ఆమె నా మోచేతి మీద ఒక్కటిచ్చేది. "నూకొద్దు మంజీ, లాగు. నీ కడుపుకల్లా లాగు. గుడ్డ తాగినంతే తాగనీ, బలవంతంగా పోస్తే వాంతి సేసుకుంటాది" అనేది. రంగు అంచులు దాటి పాకితే నేను అచ్చు వేసి నేర్చుకునే పాత గుడ్డను నా భుజం మీద వేసి సాయంత్రం దాకా అలాగే తిప్పేది. వచ్చినవాళ్లు చూసి నవ్వేవాళ్లు, చైత్ర కూడా ఏమీ తెలియకుండానే నవ్వేది. మా ఊరి వేడికి రంగు వల గుడ్డలోనే ఆరిపోయి దాని సన్నని కన్నాలు మూసేస్తుంది కాబట్టి తెల్లారగానే పని మొదలుపెట్టేవాళ్లం. గుమ్మానికి తడి గోనె కట్టి, నేల మీద నీళ్లు చల్లేది. పెరట్లో రోడ్డు వైపు పాత చీరలు అడ్డం కట్టి వాటి వెనక షర్టులు ఆరవేసేది, గాలి తిరిగి ఎర్ర దుమ్ము లేస్తే ఇద్దరం పరుగెత్తి లోపలికి తెచ్చేవాళ్లం. ఆ పరుగుల్లో ఆమె చిన్నపిల్లలా అరిచేది. అంత మొరటు మనిషి అలా నవ్వుతుంటే నాకు భలే ఇష్టంగా ఉండేది. మా అమ్మ కూడా నన్ను ఇంత దగ్గర కూర్చోబెట్టుకొని ఏదీ నేర్పలేదు అనుకునేదాన్ని.

ఎండ నడినెత్తికి రాగానే షర్టులు లోపలికి తెచ్చి మంచం మీద కుప్ప పోసేవాళ్లం. అప్పుడు జయక్క నా చేతిలోది లాక్కొని, "ఇంగ సాల్లే. పొద్దున్నుంచి నిలబడే ఉండావు. పిల్లకు పాలియ్యాల్నా వద్దా? పో, ఇంటికి పొయ్యి కూడు తినుపో. ఎండ తగ్గినాంక వద్దువులే" అనేది. నేను ఇంకా ఉంటానన్నా వినేది కాదు, భుజాలు పట్టుకొని గడప దాటించేది. మా ఇంట్లో నేను తిన్నానో లేదో అడిగే దిక్కు లేదు. అత్త తన పొలం గొడవలో ఉండేది, మా ఆయన ఆగిపోయిన లారీ గొడవలో ఉండేవాడు. ఈ ఒక్క మనిషి నా కడుపు గురించి ఆలోచిస్తోంది కదా అని, ఆ ఎండలో పిల్లను ఎత్తుకొని నడుస్తుంటే కళ్లు చెమ్మగిల్లేవి. తిరిగి వెళ్లేసరికి షర్టులన్నీ మడతలు పడి, దొంతరగా పెట్టి ఉండేవి. గదిలో మాడిన నూలు లాంటి వాసన ఉండేది. మంచం కింద ఇస్త్రీ పెట్టె, ముట్టుకుంటే ఇంకా వెచ్చగా.

ఒకసారి అడిగాను కూడా. "ఇస్త్రీ యాలక్కా? రంగు నిలిసేదానికా?"

"మడత నిలిసేదానికి" అంది. "గిరాకీకి కండ్లకు బాగుండాల గదా. రంగుకు ఇస్త్రీ యాల మే, మన బళ్లారి ఎండ ఉండంగ? ఈ ఎండకు రాయే రంగు పట్టుకుంటాది, గుడ్డ పట్టుకోదా?" అని పెద్దగా నవ్వింది. నేనూ నవ్వాను. ఈ జిల్లాలో పుట్టినవాళ్లం మేమందరం అలాగే ఉంటాం. ఎండను తిట్టుకుంటాం, మళ్లీ పై ఊళ్లవాళ్ల ముందు మా ఎండంత ఎండ ఎక్కడుందని గొప్పలు పోతాం. అప్పడాలు, మిరపకాయలు, ఊరగాయ ముక్కలు, అన్నీ మా ఎండే చేసిపెడుతుంది. రంగును కూడా అదే గట్టి చేస్తుందంటే నమ్మకపోవడానికి నాకు కారణమేమీ కనిపించలేదు. ఇంకో జిల్లాలో పుట్టి ఉంటే నమ్మేదాన్ని కాదేమో.

పని చేతికి వచ్చిందని ఆమే అన్నాక, ఇంట్లో మొదలుపెట్టాను. మా ఆయన పాత తలుపు చెక్కతో బల్ల చేసిపెట్టాడు. మొదటి పని నా తమ్ముడు సురేశ తెచ్చాడు. దేశనూరు కబడ్డీ టీముకు తెల్ల షర్టుల మీద నీలి పులి, కింద కన్నడలో ఊరి పేరు. "మా అక్క సేస్తాది, బళ్లారిలో యాడా అట్ల రాదు" అని టీము ముందు, ఊరి ముందు పందెం కట్టినట్టు చెప్పి తెచ్చాడు. మా అత్త కూడా ఒక మాట అనేసింది. "ఇది కుదిరితే సరే. కుదరకుంటే మాట్లాడకుండా బళ్లారి బస్సెక్కాల." నేను తెల్లవారకముందే లేచి, నేల మీద నీళ్లు చల్లి, కడుపు వైపు లాగి లాగి అచ్చు వేశాను. పులి మీసాలు కూడా విడివిడిగా వచ్చాయి. ఎండలో రోజంతా పెట్టాను, నా జాగ్రత్త కొద్దీ మర్నాడు కూడా పెట్టాను. ఒక ముక్క నీళ్లలో ముంచి చూస్తే రంగు కదల్లేదు. జయక్కను పిలిచి చూపించాను. ఆమె ఒక షర్టు ఎత్తి పట్టుకొని చాలాసేపు చూసింది. "నా కంటే బాగొచ్చింది" అంది. గొంతులో నవ్వు లేదు. ఇస్త్రీ మాట ఎత్తలేదు.

పోటీ రోజు పుట్టింటికి వెళ్లాను, చూసి మురిసిపోదామని. టీము కుర్రాళ్లు కొత్త షర్టులని ఆ పొద్దున్నే ఇళ్లల్లో ఇచ్చి సబ్బు పెట్టి ఉతికించుకున్నారు. మా అమ్మ కాలువ బండ మీద రెండు దెబ్బలు వేసిందట, నీళ్లు నీలంగా పోయాయట. నేను వెళ్లేసరికి దండెం మీద ఆరుతున్న షర్టులో పులి లేదు. ఛాతీ మీద పెద్ద నీలి మరక, అందులో అక్కడక్కడా ఒక కాలు, ఒక తోక. ప్రతి ఇంటి దండెం మీదా అదే. మిగతావాళ్లు పాత బనీన్లు వేసుకొని ఆడటానికి దిగారు. సురేశ మాత్రం ఆ మరక షర్టే వేసుకున్నాడు. వద్దురా అంటే, "ఏం కాదు లేక్కా. పులి తడిసి పిల్లి అయ్యింది, అంతే గదా" అన్నాడు. గట్టు మీద ఊరంతా ఉంది. వాడు కూతకు వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు పిల్లిలా అరిచారు. వాడు నవ్వుతూనే ఆడాడు. నేను మా అమ్మ కొంగు చాటున కూర్చొని, ఈ భూమి నోరు తెరిస్తే బాగుండుననుకున్నాను.

రంగు కల్తీదనుకొని తిరిగి వచ్చేటప్పుడు బళ్లారి బజారులో రంగులమ్మే అంగడికి వెళ్లి, సురేశ షర్టును బల్ల మీద పరిచాను. అంగడాయన పెద్దాయన. షర్టును కాకుండా నన్ను చూశాడు. "రంగుది తప్పు కాదమ్మా. ఇస్త్రీ కొట్టినారా?" అన్నాడు. మా ఎండలో పెట్టానని చెప్పాను. ఆయనకు నవ్వాలో జాలిపడాలో తెలియలేదు. "ఎండకు ఆరుతాది, అంతే. లోపలికి పట్టాలంటే బాగా కాలిన ఇస్త్రీ కావాల, ఒక్కో షర్టుకు నింపాదిగా ఆనించి పెట్టాల. ఎండకే పక్కా అయితే మావోళ్లందరూ ఇస్త్రీ పెట్టెలు యాల కొంటారమ్మా? మీకు నేర్పించినోళ్లు సెప్పల్యా?"

అంగట్లో నిలబడి ఉండగానే అంతా తెలిసిపోయింది. వెచ్చని ఇస్త్రీ పెట్టె, గదిలో వాసన, భుజాలు పట్టుకొని గడప దాటించే చేతులు. పొయ్యి కూడు తినుపో. నా కడుపు మీద ప్రేమ అనుకొని నేను కళ్లు తుడుచుకున్న ఆ మధ్యాహ్నాలన్నీ నన్ను బయటికి పంపడానికే. అచ్చు పాడైనందుకు కాదు, తమ్ముడు నవ్వులపాలైనందుకు కూడా కాదు, దీనికి నాకు ఒళ్లు మండిపోయింది.

బస్సు దిగి ఇంటికి వెళ్లలేదు, నేరుగా ఆమె గడప దగ్గరికి వెళ్లి షర్టును ఒళ్లోకి విసిరాను. ఆమె విప్పి, మరక మీద బొటనవేలితో రుద్దింది. "ఇస్త్రీ కొట్టల్యా?" అంది, కూరలో ఉప్పు వేశావా అన్నంత మామూలుగా.

"ఎండ సాలని సెప్పింది నువ్వే గదక్కా!"

"నవ్వులాటకు అంటి. నువ్వు నమ్ముతావని నాకేం తెలుసు?"

"నన్ను తినేదానికి పంపించి తలుపేసుకొని ఇస్త్రీ కొడతాంటివే, అది గూడా నవ్వులాటకేనా?"

ఆమె షర్టును మడత పెట్టింది. ఆ పరిస్థితిలో కూడా అంచులు సరిచేసి మడత పెట్టింది. తరవాత మెల్లగా అంది, "నీకు మొగుడుండాడు. అత్తుండాది. పుట్టింట్లో తమ్ముడుండాడు. నాకు ఈ ఫ్రేమొక్కటే ఉండాది మే. దాన్ని గూడా మొత్తం నీ సేతిలో పెట్టేసి నేను యాడికి పోవాల? ఈ ఊర్లో ఇద్దరికి పనుండాదా?"

"అట్లయితే నేర్పించనని మొదట్నే సెప్పాల్సింది."

"సెప్పాల్సింది" అని ఒప్పుకుంది. "ఊరికే నాలుగు దినాలు తిప్పుకొని పంపిచ్చేద్దామనుకుంటి. మల్ల నువ్వు పొద్దున్నే వస్తాంటే బాగుండె. ఇంట్లో మాట వినపడతాండె. పిల్ల నవ్వుతాండె." నా మొహం వంక చూసి, గొంతు మార్చి అంది, "పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు ల్యావు. పో మంజీ, ఇంటికి పొయ్యి కూడు తినుపో."

ఆ మాట ఇంకొక్కసారి ఆ నోటి నుంచే విన్నాను. ఈసారి నిజంగానే అంటోందా, నన్ను అక్కడి నుంచి కదిలించడానికి అంటోందా? మొహం చూస్తే తెలియలేదు. అదే నాకు భరించరానిదిగా అనిపించింది. తిరిగి చూడకుండా వచ్చేశాను.

అత్త అన్నట్టే బస్సు ఎక్కాను. బళ్లారిలో ఒక యూనిట్‌లో జీన్స్ జేబులు కుడుతూ ఉన్నాను. సాయంత్రం ఇల్లు చేరితే చైత్ర నడుముకు తాడు ఒరుసుకున్న ఎర్రటి చార. దాని మీద కొబ్బరినూనె రాస్తూ ప్రతి రాత్రీ జయక్కను తిట్టుకున్నాను. ఆ చార ఆమె మాట వల్ల పడింది, ఇందులో నాకు ఇప్పటికీ సందేహం లేదు. మెల్లగా, సెలవు రోజుల్లో, సొంత ఇస్త్రీ పెట్టెతో మళ్లీ మొదలుపెట్టాను. మొట్టమొదట సురేశకు కొత్త షర్టు వేసి పంపాను. అది ఎన్ని ఉతుకులకూ పోలేదని వాడే ఊరంతా తిరిగి చూపించాడు. పని వచ్చింది, బస్సు మానేశాను, తాడు విప్పేశాను.

తరవాత ఆమె భయపడిందే జరిగింది. నా అచ్చులో అంచులు పాకవని జనం నా దగ్గరికే రావడం మొదలుపెట్టారు. పాకకుండా లాగడం నేర్పింది ఆమే. నేను కోరి ఆమె గిరాకీ లాక్కోలేదు, అలాగని వచ్చినవాళ్లను వెనక వీధికి పొమ్మనీ చెప్పలేదు. ఆమె గుమ్మానికి కట్టిన తడి గోనె కొన్నాళ్లకు ఎండిపోయి కనిపించింది. గెలిచినట్టు అనిపించాలి కదా. అనిపించలేదు. ఎవరో ఒకరు ఆకలితో ఉండాల్సిన ఊళ్లో ఈసారి నా వంతు కాలేదు, అంతే.

గుంతకల్లు దగ్గరున్న అన్న వచ్చి ఆమెను తీసుకుపోయిన రోజు, సంచి చంకన పెట్టుకొని మా వసారా ముందు ఆగింది. నేను పని ఆపలేదు. ఆమె కాసేపు నిలబడి నా చేతులను చూసింది. "ఆ మోచెయ్యి ఇంగా కొంచెం వాల్చు" అంది. నా మోచెయ్యి దానంతట అదే వాలింది. ఆమె అది చూసింది. తల ఊపి, అన్న వెనకే వెళ్లిపోయింది. ఆ తరవాత కొన్నేళ్లకు పోయిందని ఎవరో చెప్పారు. దినానికి నేను వెళ్లలేదు. వెళితే ఆ ఇంట్లో అన్నం తినాల్సి వచ్చేది.

ఇప్పుడు చైత్ర సండూరులో కాలేజీకి వెళుతోంది. సెలవు ఉన్నప్పుడు నాకు సాయం చేస్తుంది. నేను దానికి ఇస్త్రీయే ముందు నేర్పాను, రంగు తరవాత నేర్పాను. ఈ మధ్యాహ్నం ఒక బడివాళ్ల షర్టులకు అచ్చు వేసి, లోపలికి తెచ్చి మంచం మీద కుప్ప పోశాం. పెట్టె వేడెక్కింది, వాసన మొదలైంది. చైత్ర నా చేతిలోంచి షర్టు లాక్కొంది. "ఇంగ సాల్లేమ్మా, పొద్దున్నుంచి నిలబడే ఉండావు. ఇవి నేను సూసుకుంటా. పొయ్యి తినుపో" అంది.

దానికి జయక్క గుర్తు లేదు. ఆ ఇంట్లో దోగాడిన సంగతి కూడా తెలియదు. అది నిజంగా నా కోసమే అందని నాకు తెలుసు. తెలిసి కూడా ఒక్క క్షణం దాని చేతుల వంక, మంచం మీది కుప్ప వంక అనుమానంగా చూశాను. కన్నబిడ్డ అన్నం తినమంటే ఏం దాస్తోందో అని వెతికే తల్లిని చేసి పోయింది జయక్క నన్ను. వంటింట్లోకి వెళ్లి కంచం పెట్టుకొని కూర్చున్నాను. మాడిన నూలు వాసన అక్కడికీ వచ్చింది. ముద్ద కలిపాను గానీ నోటిదాకా రాలేదు.